గుర్రుకు కావలి

"ఆ మంచం తీయండి మామా."

అర్చన ఈ మాట పొద్దున్నుంచి ఎన్నిసార్లు అనిందో ఆమెకే లెక్క తప్పింది. ఒక చేతిలో బట్టల బ్యాగు, ఇంకో చేతిలో దుప్పటి. ఎదురుగా తలవాకిట్లో నులకమంచం అడ్డంగా వేసుకొని, దాని మీద బాసింపట్టు వేసి మామ ఆదినారాయణ కూర్చున్నాడు. భారీ మనిషి. మంచం పక్కన కాస్త సందు మిగిలినా ఆయన పక్కన మాత్రం మిగలదు.

"తీయను," అన్నాడాయన. "నా మనవని గొంతులో కత్తి పెట్టనీను. అంత కావల్లంటే నన్ను దాటుకొని పో."

పెద్దవాళ్లను దాటుకొని పోయే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు. అది తెలిసే ఆయన అక్కడ కూర్చున్నాడు.

అయితే ఆయనకు కొరుకుడు పడనిది కోడలి మొండితనం కాదు, ఆ "తీయండి" అనే మాట. కాపురానికి వచ్చిన నాటి నుంచి "మామా, నువ్వు తిను, నువ్వు పో" అనే పిల్ల, ప్రొద్దుటూరులో డాక్టరు దగ్గరికి పోయి వచ్చినప్పటి నుంచి "మీరు" మొదలుపెట్టింది. మర్యాద పెరిగిందంటే మనసు విరిగినట్టే. పంచాయితీల్లో ఆయన ఎంతమందిని చూడలేదు? రేయ్ అంటే రేయ్ అనుకునే అన్నదమ్ములు "మీరు" అనుకున్న రోజే భాగాలు పంచమని ఆయన గడప తొక్కేవారు.

"సాయంత్రానికి ఆస్పత్రిలో చేర్పియ్యల్ల. రేపు పొద్దున ఆపరేషను," అంది అర్చన. "జిలానీ ఆటో తెచ్చి బయట నిలబెట్టినాడు. ఆయప్ప గూడా ఎంతసేపని చూస్తాడు?"

"ఆటో ఎనిక్కి పంపీ. పిల్లోడు గుర్రు పెట్టినాడని కోత కోపిచ్చే తల్లిని నిన్నే చూస్తాండా."

"ఉత్త గుర్రు కాదు మామా. నిద్రలో ఊపిరి నిలిచిపోతాంది వానికి. రాత్రంతా వేలికి క్లిప్పు పెట్టి, ముక్కుకు గొట్టం పెట్టి చూసినారు. నిలిచిపోతాది, ఉలిక్కిపడి తీసుకుంటాడు, మళ్లా నిలిచిపోతాది. తెల్లారిందాక ఇదే పని."

"ఊపిరి నిలిస్తే మనిషి చస్తాడు. వాడు నిక్షేపంగా ఉండాడు."

"నిక్షేపంగా ఉంటే ఈ వయసులో పక్క ఎందుకు తడుపుతాడు? చలికాలంలో గూడా దిండు తడిచేటట్ల చెమట ఎందుకు పోస్తాది? జమ్మలమడుగు బడిలో టీచరమ్మ ఏమన్నది మీరూ విన్నారు. ఒక గంట కోతి మాదిరి ఎగురుతాడు, ఇంకో గంట బెంచీ మీద వాలిపోతాడు, చెప్పింది చెవికెక్కదు అనింది. పిల్లోళ్లకు నిద్ర చాలకపోతే మన మాదిరి మగతగా ఉండరంట. ఎగురుతారంట. మనమేమో అల్లరోడు, అల్లరోడు అని ఈపు మీద కొడితిమి."

చివరి మాట దగ్గర ఆమె తల దించుకుంది. ఆ దెబ్బల్లో ఎక్కువ ఆమెవే.

"ముక్కు వెనక కండ పెరిగింది. గొంతులో గడ్డలు లావై గాలి పోయే దారి మూసినాయి. అవి తీసేస్తే శానామంది పిల్లోళ్లకు సరిపోతాదంట," అంది మళ్లీ తేరుకొని.

"నేను ఊహ తెలిసినప్పటి నుంచి పెడతాండా గుర్రు. నాకేమయింది?"

అర్చన అత్త వైపు చూసింది. నడవలో చేట ముందు పెట్టుకొని నిర్మలమ్మ శనగల్లో మట్టిబెడ్డలు ఏరుతోంది. పెద్దముడియం నల్లరేగడిలో పండిన శనగలు, వాటిలో బెడ్డలకు కొదవ ఉండదు. పొద్దున్నుంచి ఆమె తల ఎత్తలేదు, ఏ పక్షమూ మాట్లాడలేదు.

"అదే అడిగినాడు డాక్టరు," అంది అర్చన. "ఇంట్లో ఇంకెవరికన్నా ఉందా అని. మా మామకు ఉంది అని చెప్పినా."

"ఓహో. నన్ను గూడా రోగిని చేసి వచ్చినావన్నమాట."

"మిమ్మల్ని గూడా పిల్చుకొని రమ్మన్నాడు. పెద్దోళ్లకైతే ఇది బీపీ మీదికి, గుండె మీదికి వస్తాదంట. మెడ లావున్నోళ్లకు, కూర్చున్నచోటనే కునుకు తీసేవాళ్లకు..."

"నేను కునుకు తీయను. కండ్లు మూసుకొని ఇంటా."

బయట గోడ నీడన నిలబడిన జిలానీ దగ్గినట్టు నటించి నవ్వు మింగాడు. పోయిన నెల పొలం గట్టు తగాదాలో రెండు పక్షాలూ గొంతులు చించుకుంటూ ఉండగా ఆదినారాయణ హాయిగా గుర్రుపెట్టి, లేచి, మీసం తుడుచుకొని తీర్పు చెప్పిన సంగతి ఊరందరికీ తెలుసు. నువ్వు నిద్రపోయినావు పెద్దాయనా అని చెప్పే ధైర్యం లేక రెండు పక్షాలూ ఆ తీర్పుకే ఒప్పుకున్నాయి. విచిత్రమేమంటే తీర్పు బాగానే ఉంది.

"ముందు నా గదిలో ఎలుక సంగతి చూడండి," అన్నాడు ఆదినారాయణ మాట మారుస్తూ. "రాత్రయితే గోడలో ఒకటే టకటక. కండ్లు మూస్తే చాలు, వచ్చి కాలి బొటనవేలు పీకుతాది. బోను పెట్టి, ఎండుకొబ్బరి పెట్టినా పడలేదు. దాన్ని పట్టే దిక్కు లేదు గానీ పిల్లోని గొంతు కొయ్యడానికి మాత్రం అందరికీ తొందరే."

చేటలో నిర్మలమ్మ చెయ్యి ఒక్క క్షణం ఆగింది. మళ్లీ కదిలింది.

*

కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో రాత్రి షిఫ్టు దిగి రాజశేఖర్ వచ్చేసరికి ఎండ ముదిరింది. మోటారుసైకిలు ఆపి చూస్తే తలవాకిట్లో నాయన, నాయన వెనకాల భార్య, భార్య చేతిలో బ్యాగు. అడగాల్సిన పనేమీ లేకపోయింది.

"నాయనా, జరుగు," అన్నాడు.

"నువ్వు గూడా ఆ పిల్ల మాటేనా?"

రాజశేఖర్ గడప బయట మెట్టు మీద కూలబడ్డాడు. ఎదురు చెప్పడం అతనికి చేతకాదు, ఒప్పుకోవడమూ ఇష్టం లేదు. ఈ రెండింటి నడుమ అతను ఎప్పుడూ చేసే పని మెట్టు మీద కూర్చోవడమే. నిర్మలమ్మ లేచి కిటికీ కమ్మీల సందులోంచి గిన్నెలో సంగటి, చెనిక్కాయల చట్నీ అందించింది. అతను సొంత ఇంటి బయట బిచ్చగాడిలా కూర్చొని తినసాగాడు.

"ప్లాంటులో మాకు పదే పదే చెప్తారు నాయనా," అన్నాడు సంగటి ముద్ద వైపు చూస్తూ. "నిద్ర లేనోన్ని మిషను దగ్గర నిలబెట్టొద్దు, వాడు పోతాడు, పక్కనోన్నీ తీసుకపోతాడు అని. ఇంట్లో ఏడేండ్ల పిల్లోడు నిద్ర లేకుండా తిరుగుతాంటే నాకు తెలియకపాయ."

"అందుకని?"

"నువ్వు గూడా రా. నీకు ఆపరేషను గూడా వద్దంట. ముందు ఒళ్లు తగ్గల్ల, వెల్లకిలా పండుకోకూడదు. చూసి, అవసరమైతే చిన్న మిషను ఇస్తారు. ముక్కుకు మాస్కు పెట్టుకొని పండుకుంటే గాలి లోపలికి తోస్తా ఉంటాది, గొంతు మూసుకోదు."

"గుర్రం మూతికి ఉలవల సంచి కట్టినట్టనా?"

తన మాటకు తానే నవ్వాడు ఆదినారాయణ. ఇంకెవరూ నవ్వలేదు. లోపల చేట చప్పుడు, బయట కాకి అరుపు వినిపిస్తున్నాయి. పది ఎకరాల శనగ, మిద్దె, ట్రాక్టరు, ఊళ్లో మాటకు విలువ. ఆ ఇంట్లో నిద్ర తప్ప అన్నీ ఉన్నాయి.

మంచం మీద కూర్చొని ఆయన తనకు ఇష్టం లేని సంగతులే తలుచుకున్నాడు.

మొన్న పులివెందుల పెండ్లిలో కల్యాణమండపం మేడ మీద మగవాళ్లందరికీ వరసగా పరుపులు వేశారు. ఈయనది నడుమ. మామా, అన్నా, చిన్నాయనా అంటూ అందరూ నవ్వుకుంటూనే పడుకున్నారు. మధ్యలో మెలకువ వచ్చి చూస్తే చుట్టూ నేల ఖాళీ. పరుపులన్నీ ఈడ్చుకుపోయి అవతలి గోడకు చేర్చుకున్నారు. అంత పెద్ద హాలు నడుమ ఆయన పరుపు ఒక్కటే మిగిలింది.

పొద్దున కాఫీల దగ్గర "ఏం మామా, రాత్రి ట్రాక్టరు శానాసేపు తోలినావే" అని ఎవరో అంటే అందరికన్నా ముందు ఆయనే నవ్వాడు. నవ్వకపోతే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియలేదు.

నిర్మలమ్మ పక్క గదికి మారింది రాజశేఖర్ పెండ్లికి ముందే. "నా గుర్రుకు తట్టుకోలేక మా ఆడమనిషి పారిపోయింది" అని ఆ సంగతిని కూడా ఆయన రచ్చబండ మీద చెప్పి జనాన్ని నవ్వించాడు. నవ్వించి ఇంటికి వచ్చి, జోడుమంచం మీద ఒక పక్కకే పడుకునేవాడు. రెండో పక్క దిండు చాలాకాలం అలాగే ఉంచాడు.

ఆ ఖాళీలోకి వచ్చాడు హర్ష. మాటలు వచ్చిన కొత్తల్లో, ఎవరూ పిలవకుండా, తన దిండు తాను ఈడ్చుకుంటూ వచ్చి తాత కాళ్ల దగ్గర ముడుచుకున్నాడు. వాడిదీ గుర్రే. బుల్లి గుర్రు. "నా పోలిక, అచ్చం నా పోలిక" అని ఆయన ఊరంతా చాటింపు వేయనిది ఒక్కటే తక్కువ. మధ్యలో మెలకువ వచ్చినప్పుడు గదిలో ఇంకో గుర్రు వినిపిస్తే ఆయన ప్రాణం కుదుటపడేది.

ఇప్పుడు ఆ గుర్రు తీసేస్తామంటున్నారు. గుర్రు పోతే వాడూ పోతాడు. గుర్రు లేనివాళ్లెవరూ ఇంతవరకు ఆయన పక్కన నిలవలేదు. కత్తి అంటే భయమని ఇంట్లో వాళ్లకు చెప్పాడు, తనకు తానూ అదే చెప్పుకున్నాడు. ఒంటరిగా పడుకోవాలంటే భయమని, అరవై దాటినవాడు, పది ఊళ్ల తగాదాలు తీర్చినవాడు, ఎవరితో చెప్పుకుంటాడు?

*

అన్నం తిన్నాక ఆయన రెప్పలు ఆగలేదు. మంచం మీదనే రెండుసార్లు ముందుకు తూలి, ఎవరూ చూడలేదనుకొని సర్దుకున్నాడు. మూడోసారి తూలినప్పుడు లేచి నిలబడ్డాడు.

"నేను లోపల ఆలోచన చేసి వస్తా," అన్నాడు గంభీరంగా. "అంతవరకు మంచం కదలకూడదు."

ఆలోచన అంటే ఏమిటో అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ మాట్లాడలేదు. ఆయన గదిలోకి పోయిన కాసేపటికి హర్ష దిండు పట్టుకొని వచ్చాడు. సన్నటి పిల్లవాడు, కళ్ల కింద నలుపు, ఎప్పుడూ కొంచెం తెరిచే ఉండే నోరు. వచ్చీ రాగానే మంచం కిందికి వంగి బోను చూశాడు.

"ఎలుక పడలేదా తాతా?"

"పడలేదు. మాయదారి ఎలుక. కొబ్బరి ముట్టదు, దానికి నా వేలే కావల్ల."

హర్ష నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వాడు. నవ్వు దగ్గులోకి దిగింది. ఆదినారాయణ వాడి వీపు నిమిరాడు.

"ఆపరేషను అంటే భయంగా ఉందా అబ్బీ?"

"భయమేంలేదు. అయిపోయినాక ఐస్‌క్రీం పెడతారంట."

"నీ గుర్రు పోతాదంట."

"పోతే పోనీ."

ఆదినారాయణ పైన తిరుగుతున్న ఫ్యాను వైపు కాసేపు చూశాడు. అడగాలనుకున్నది అడగడానికి ఆయనకు అంతసేపు పట్టింది.

"పోయినాక గూడా నా దగ్గరనే పండుకుంటావు గదా?"

హర్ష ఆలోచించాడు. అబద్ధం చెప్పడం వాడికి ఇంకా రాలేదు.

"పండుకోను తాతా. అప్పుడు నేను బాగా నిద్రపోవల్లంట. అమ్మ చెప్పింది."

"ఈడ నిద్రపో. ఈడ ఎవరొద్దన్నారు?"

"ఈడెట్ల పోతా? ఈడ నాకు పనుంటాది గదా."

"ఏం పని రా నీకు?"

వాడు తలుపు అవతల నాయనమ్మ ఉన్న నడవ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. "చెప్తే జేజి కసురుతాది."

"నేనుండా. చెప్పు."

"ఎలుక లేదు తాతా," అన్నాడు హర్ష. "అది నేనే."

ఆదినారాయణకు అర్థం కాలేదు. వాడు మంచం మీద మోకాళ్ల మీద కూర్చొని, బడిలో పాఠం అప్పజెప్పినట్టు చెప్పుకొచ్చాడు.

"నీ గుర్రు వస్తా వస్తా ఉంటాది. ఉన్నట్టుండి నిలిచిపోతాది. నోరు తెరుచుకోనుంటాది గానీ సద్దు రాదు. అప్పుడు నేను నీ బొటనవేలు పట్టి గట్టిగా లాగల్ల. నువ్వు భుస్సుమని ఊపిరి తీస్తావు, మళ్లా గుర్రు వస్తాది. అది వచ్చినాక నేను పండుకోవచ్చు."

"నువ్వు నిద్రపోతే?"

"జేజి గోడ తడతాది. టకటకమని. ఆ పక్కన జేజికి అంతా ఇనపడతాది. అప్పుడు నేను లేసి లాగుతా."

గోడలో ఎలుక. ఆదినారాయణ చెయ్యి తెలియకుండానే తన కాలి బొటనవేలిని పట్టుకుంది.

"ఎప్పటి నుంచి రా ఇది?"

"నా చిన్నప్పటి నుంచి," అన్నాడు ఏడేళ్లవాడు.

"మీ అమ్మకు తెలుసా?"

"చెప్పొద్దనింది జేజి. అమ్మకు తెలిస్తే నన్ను ఈడ పండుకోనీదంట. అప్పుడు నువ్వు సచ్చిపోతావంట." ఆ మాట అన్నాక వాడి ముఖం ముడుచుకుపోయింది. పొద్దున్నుంచి లోపల దాచుకున్నది ఇప్పుడు బయటికి వచ్చింది. "తాతా, రేపు నేను ఆస్పత్రిలో ఉంటా గదా. రేపు నీకు ఎవరు లాగుతారు?"

ఆయన వాడి తల మీద చెయ్యి వేశాడు. లోకమంతా పరుపులు ఈడ్చుకొని పోయినా ఒక్క ప్రాణి ఇష్టపడి పక్కన పడుకుందని ఇన్నేళ్లు మురిసిపోయాడు. ఆ ప్రాణి పడుకోలేదు. పంట చేనుకు కావలి కూర్చున్నట్టు తన ఊపిరికి కావలి కూర్చుంది.

*

నిర్మలమ్మ ఏరిన శనగలు డబ్బాలో పోస్తోంది. ఆయన వెనక వచ్చి నిలబడినా తిరిగి చూడలేదు.

"పిల్లోన్ని కావలి పెట్టినావా?"

శనగలు పడే చప్పుడు ఆగింది.

"పెట్టినా," అంది.

"పసిబిడ్డ. వాన్ని?"

"ఇంకెవరుండారు?"

"నువ్వుంటివి గదా. నా గుర్రుకు తట్టుకోలేక పక్క గదిలోకి పోయి సుఖంగా పండుకుంటివి."

నిర్మలమ్మ ఇప్పుడు తిరిగింది. ఆమె కళ్ల కింద కూడా మనవడి కళ్ల కిందున్న నలుపే ఉంది. ఒకే ఇంట్లో ఉంటూ ఆయన దాన్ని ఈరోజే చూశాడు.

"పండుకుంటి. నిద్రపోతినని నీకెవరు చెప్పినారు?"

ఆయన డబ్బాలోని శనగల వైపు చూశాడు.

"నేనుగా పోలేదు ఆ గదికి. నువ్వే పొమ్మంటివి. గుర్తులేదేమో. ఊపిరి నిలిచినప్పుడల్లా బుజం పట్టి ఊపుతాంటి. నిద్ర చెడగొడతాండావు, మొగుని ముఖం చూస్తే నిద్ర పట్టదా నీకు, ఆ గదిలోకి పో అంటివి. ఒకసారి గాదు. చెంబు ఇసిరినాక పోతి."

"నేనా?"

"నువ్వే. పొద్దున లేసి చెంబుకు సొట్ట ఎట్ల పడిందని నన్నే అడిగితివి."

ఆదినారాయణకు సొట్ట చెంబు గుర్తుంది. విసిరింది గుర్తులేదు. సగం నిద్రలో ఉన్న మనిషికి తాను చేసింది తెలియదు, చూసిన మనిషికి మరపు రాదు.

"నేను లేపితే కసురుతావు. వాన్ని కసరవు," అంది నిర్మలమ్మ. "అందుకని వాన్ని పంపిస్తి. డాక్టరు దగ్గరికి పోదామంటే నువ్వు రావు. చెప్తే నవ్వుతావు. నేనేం చెయ్యల్ల? మీ నాయన మాదిరి నువ్వు గూడా నిద్రలోనే పోతే, ఆహా పుణ్యాత్ముడు, సుఖంగా పోయినాడు అని ఊరంతా అంటాది. ఆ సుఖం ఎట్లుంటాదో గోడ ఇవతల ఇన్నేండ్లు నేను ఇంటాండా."

అప్పుడు తెలిసింది ఇద్దరికీ, గుమ్మంలో అర్చన ఉందని. ఎప్పటి నుంచి ఉందో తెలియదు. ముఖం పాలిపోయింది.

"నన్ను అడగొచ్చు గదా అత్తా," అంది.

"అడిగితే ఏం చేస్తావు? బిడ్డను తీసుకొని పోతావు."

"ఇప్పుడూ అదే చేస్తాండా." అర్చన కొంగుతో ముఖం తుడుచుకుంది. "వాడు బడిలో వాలిపోయినప్పుడల్లా నేను కొడితిని. మీరు చూస్తాంటిరి."

నిర్మలమ్మ డబ్బా మూత తీసుకొని, పెట్టి, మళ్లీ తీసింది.

ఆదినారాయణ ఎవరి వైపూ చూడకుండా తలవాకిటికి పోయాడు. మంచం పట్టె కింద రెండు చేతులూ పెట్టి ఎత్తి గోడకు నిలబెట్టాడు. బయట మెట్టు మీద కూర్చున్నచోటనే నిద్రపోయిన రాజశేఖర్ ఆ చప్పుడుకు లేచి, గడప ఖాళీగా ఉండటం చూసి తెల్లబోయాడు.

"పోండి," అన్నాడు ఆదినారాయణ. "పొద్దు పోకముందే చేరండి."

జిలానీ ఆటో తిప్పాడు. హర్ష ఆటోలోంచి తల బయట పెట్టి, తన చేతి బొటనవేలిని రెండో చేత్తో పట్టుకొని లాగి చూపించాడు. తర్వాత జేజి వైపు వేలు చూపించాడు. పని అప్పగించి పోతున్నానని వాడి లెక్క. ఆదినారాయణ సరేనని తల ఊపాడు.

రాజశేఖర్ జిలానీ పక్కన కూర్చున్నాడు. అర్చన అత్తతో మాట్లాడకుండానే ఎక్కింది. ఆటో కదలబోతుండగా మామ వైపు చూసింది.

"పక్కకు తిరిగి పండుకో మామా. వెల్లకిలా వద్దు."

పండుకో అంది. పండుకోండి అనలేదు. ఆటో మలుపు తిరిగిందాకా ఆయన ఆ ఒక్క మాటనే పట్టుకొని నిలబడ్డాడు.

*

ఆ రాత్రి ఇంట్లో ఇద్దరే మిగిలారు. నిర్మలమ్మ తన గదిలోంచి చాప, దిండు తెచ్చి ఆయన గది గుమ్మం దగ్గర నిలబడింది.

"నేను ఈడ పండుకుంటా."

"వద్దు."

"ఎందుకు వద్దు?"

"పిల్లోని నిద్ర తిన్నా. నీ నిద్ర తిన్నా. ఇంక ఎవరి నిద్రా నాకొద్దు. నువ్వు పోయి సుఖంగా పండుకో పో. రేపు ప్రొద్దుటూరు పోయి ఆ డాక్టరుకు చూపిచ్చుకుంటా. చాలునా?"

"రేపు పోదువు గానీ. ఈ పూటకు నన్ను రానీ."

ఆయన తలుపు మూసి గడియ పెట్టాడు. కోపంతో కాదు. ఆమె ముఖం చూస్తూ ఆ గదిలో నిలబడే ధైర్యం లేక. వెనకటి రోజుల్లో ఆమెను వెళ్లగొట్టినవాడు ఇప్పుడు ఏ ముఖంతో లోపలికి పిలుస్తాడు?

"గడియ పెట్టుకోవద్దు," అంది బయటి నుంచి. "నీకేమన్నా అయితే నేనెట్ల వచ్చేది?"

"నిద్రపోనులే. కూర్చోనుంటా."

మంచం మీద దిండు నిలబెట్టి, దానికి ఆనుకొని నిజంగానే కూర్చున్నాడు. కింద ఎలుకబోను కనిపించింది. వంగి దాని మూత దించి, కొబ్బరిముక్క తీసి కిటికీ బయట పడేశాడు. మనవడి దిండు కాళ్ల దగ్గర అలాగే ఉంది. దాన్ని ముట్టుకోలేదు.

గోడ అవతల చాప పరిచిన చప్పుడు వినిపించింది. తర్వాత ఆమె గొంతు, గోడకు దగ్గరగా.

"మేలుకోనుండావా?"

"ఉండా."

"మాట్లాడతా ఉండు."

"ఏం మాట్లాడల్ల?"

ఒక గోడకు అటొకరు ఇటొకరు ఇన్నేళ్లు బతికారు, మాటలు మాత్రం శనగ ధర దగ్గరే ఆగిపోయాయి. చివరికి ఆమె అడిగింది.

"పులివెందుల పెండ్లిలో ఏమయింది? వచ్చినప్పటి నుంచి నువ్వు అదోలా ఉండావు."

ఆయన చెప్పాడు. పరుపులు ఈడ్చుకుపోయిన సంగతి, కాఫీల దగ్గర నవ్విన సంగతి. గోడ అవతల ఆమె ఊ కొట్టింది.

"రేపు నేనూ వస్తా ప్రొద్దుటూరికి," అంది కాసేపటికి. "పిల్లోని చూడల్ల. ఆ పిల్ల కాళ్లు పట్టుకోనన్నా సరే."

"రా."

"ఇదో, గడియ తీయి. నాకు భయంగా ఉంది."

అంత నేరుగా ఆమె ఎప్పుడూ అనలేదు. తీయాలనే అనుకున్నాడు. ఫ్యాను గాలి ముఖానికి చల్లగా తగులుతోంది. పొద్దున్నుంచి మంచం మీద కూర్చొని కూర్చొని నడుము పట్టేసింది. వీపు దిండు మీది నుంచి మెల్లగా కిందికి జారింది. ఒక్క క్షణం ఇలా ఉండి లేస్తానని, పక్కకే తిరిగి పడుకోవాలని, కోడలు చెప్పిందని గుర్తు చేసుకున్నాడు గానీ, తిరగకముందే రెప్పలు వాలిపోయాయి.

గోడ మీద టకటకమని చప్పుడైంది.

ఎలుక కాదని ఇప్పుడు తెలుసు. మళ్లీ టకటక, ఈసారి గట్టిగా. కాళ్ల దగ్గర మనవడి దిండు ఉంది, మనవడు లేడు. అప్పుడా చప్పుడు గోడ మీది నుంచి తలుపు మీదికి వచ్చింది. రెండు అరిచేతులతో బాదుతోంది ఆమె. గాజులు చిట్లిన చప్పుడు కూడా ఎక్కడో దూరంగా వినిపించింది.

"మేలుకోనే ఉండాలే, వస్తాండా," అన్నాడు ఆదినారాయణ.

అన్నాననే అనుకున్నాడు.